ధడా

మంచం కాళ్ల దగ్గర వేలాడే అట్టముక్క మీద
రాసింది నేనే, ఎర్ర స్కెచ్‌పెన్నుతో:
నోటి ద్వారా ఏమీ ఇవ్వరాదు.
పద్నాలుగో నంబరు మంచం,
తమ్మిశెట్టి అంకమ్మరావు, డెబ్భై ఒకటి,
గుంటూరు మిర్చి యార్డులో ముప్పై ఎనిమిదేళ్లు కాటా.

కొత్తపేట ఆసుపత్రుల వీధిలో
రాత్రి పదకొండు దాటితే
మందుల షాపులు షట్టరు సగం దించుకుని కునుకుతాయి.
మూడో అంతస్తులో నేనూ, ఇద్దరు ఆయాలూ,
ఆక్సిజన్ సీసాలో బుడగల చప్పుడూ.

చేరిన రోజే కూతురు భ్రమరాంబ
లిఫ్టు పక్కకు తీసుకెళ్లి నా చెయ్యి పట్టుకుంది.
"సిస్టర్, నాన్నకి అల్సరని చెప్పాం.
మీరూ అదే చెప్పండి."
చెప్పాను.
ఆయన నా మొహంలోకి చూసి
తాలుకాయ కలిపిన టిక్కీని చూసినట్టు
కాస్త నవ్వాడు.

నాలుగో రాత్రి సెలైన్ మారుస్తుంటే అన్నాడు:
"కెజియమ్మా, నాకు తెలుసని
మా పిల్లకి చెప్పమాక. తట్టుకోలేదు."
అప్పట్నుంచి ఆ మంచానికి అటొకటి ఇటొకటి
రెండు అబద్ధాలు కూర్చుని
ఒకదానికొకటి విసనకర్ర విసురుకునేవి.
మధ్యలో నిలబడి
నేను బీపీ చూసేదాన్ని.

తెనాలి నుంచి మేనల్లుడొచ్చాడు.
వెంటిలేటరు గురించి అడిగాడు,
రోజుకెంతవుతుందని అడిగాడు,
రెండు ప్రశ్నలకీ సిగ్గుపడి
టీ తాగొస్తానని కిందికి దిగాడు.

గొంతు పూడుకుపోయింది. ముక్కులోంచి గొట్టం.
జావ, పాలు, మాత్రల పొడి
నాలుకకు కనపడకుండానే కడుపులోకి పోయేవి.

ఆదివారం తెల్లవారుజామున మూడింటికి
వేళ్లాడించి పిలిచాడు.
"కాస్త పండుమిరప పచ్చడి.
నాలిక్కి రాస్తే చాలు. మింగను, ఒట్టు."

మింగకుండా ఉండటం ఆయన చేతిలో లేదు.
ఊపిరితిత్తిలోకి జారితే ఏమవుతుందో
పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని.
అట్ట మీద అక్షరాలు నావి.
నోరు ఆయనది.
ఒక్క కాయ కొరికి,
ఇది తేజ, ఇది బాడిగ,
ఇది నిరుడు కోల్డ్ స్టోరేజీలో పెట్టిన సరుకు అని చెప్పి
అన్నం సంపాదించుకున్న నోరు.

నా క్యారేజీలో ఉంది. అమ్మ పెట్టింది.
చిటికెన వేలి కొసన
ఆవగింజంత.

కళ్లు మూసుకున్నాడు. చెంపల మీదుగా నీళ్లు.
"వెల్లుల్లి తగ్గింది," అన్నాడు.
ఇద్దరం చప్పుడు రాకుండా నవ్వాం.
ఆ తర్వాత దగ్గు.
మంచం తల ఎత్తి, సక్షన్ పెట్టి,
వీపు నిమురుతూ అరగంట.

చార్టులో "నోటి ద్వారా" గడిలో
సున్న చుట్టాను. గుండ్రంగా, జాగ్రత్తగా.

మంగళవారం జ్వరం.
గురువారం, కూతురి చేతిలో చెయ్యి ఉండగానే, పోయాడు.
జ్వరం పచ్చడిదా, జబ్బుదా?
ఈ దశలో మామూలేనన్నారు డాక్టరుగారు.
ఆయనకు నేను మొత్తం చెప్పలేదుగా.

భ్రమరాంబ ముక్కు తుడుచుకుంటూ అడిగింది:
"చివరిదాకా నాన్నకి తెలియలేదు కదా సిస్టర్?"
"తెలియలేదమ్మా," అన్నాను.
మాటిచ్చింది ఆయనకి.
మోసం చేసింది ఎవర్నో ఇంకా తేల్చుకోలేదు.

కాస్త మాట పెగిలిన రోజుల్లో ఒకసారి చెప్పాడు:
"తూచేముందు వట్టి కాటా చూసుకోవాలమ్మా.
పళ్లేలు సమంగా ఆగకపోతే
తేలిక పక్కన రాయి కట్టాలి. అదీ ధడా.
ధడా సరిపోకపోతే
ఎంత నిజాయితీగా తూచినా దొంగతూకమే."

నాకింకా రాయి దొరకలేదు.
వేలు ఇప్పటికీ మండుతోందంటే అబద్ధం;
ఆ మంట ఆ రాత్రే సబ్బుతో పోయింది.
పద్నాలుగులోకి వేరే మనిషొచ్చారు, కిడ్నీలు.
అట్ట తుడిచి మళ్లీ రాశాను.

ఈసారి పచ్చట్లో
వెల్లుల్లి ఎక్కువ వెయ్యమన్నాను అమ్మని.
ఎందుకని అడిగింది.
ఎవరో అడిగారన్నాను.